ఒకే సైజు ఫ్లాట్, ఏరియా మారితే రేటు ఎందుకు మారిపోతుంది: హైదరాబాద్ లెక్క

క్లుప్తంగా

ఇంటి రేటులో కట్టుబడి ఖర్చు ఊరంతా ఇంచుమించు ఒకటే, తేడా అంతా దాని కిందున్న నేలలో ఉంటుంది. ఆ నేల రేటేమో చుట్టుపక్కల ఏముంది, ఏం లేదు, ఏం రాబోతోంది అన్నదాని మీద నడుస్తుంది. ఉద్యోగాలు, పెద్ద రోడ్డు, ఏరియా పేరు లాంటి కంటికి కనపడేవి రేటులోకి వెంటనే ఎక్కేస్తాయి, కొన్నిసార్లు అవి రాకముందే ఎక్కేస్తాయి. నీళ్ల కొరత, వరద ముప్పు, రాత్రిపూట వచ్చే వాసన మాత్రం చాలా లేటుగా, అదీ సగం సగంగా ఎక్కుతాయి. కొనేవాళ్లకి ఎక్కువ నష్టం జరిగేది ఈ గ్యాప్‌లోనే.

కట్టడం ఒకటే, నేల వేరు

ఊరికి తూర్పున ఉప్పల్‌లో కట్టినా పడమరన కోకాపేటలో కట్టినా సిమెంట్ బస్తా రేటు మారదు, స్టీల్ రేటు మారదు, మేస్త్రీ కూలీ కొంచెం అటూ ఇటూ ఉంటుందంతే. మరి అదే మూడు బెడ్రూముల ఫ్లాట్ ఒకచోట ఒక రేటు, ఇంకోచోట దానికి రెట్టింపు ఎందుకు పలుకుతుంది అన్నది చాలామందికి అర్థం కాని విషయం, బిల్డర్ దోచేస్తున్నాడు అనుకుని వదిలేస్తారు. బిల్డర్ లాభం ఒక కారణమే కానీ అసలు లెక్క యూడీఎస్‌లో ఉంది, అంటే ఫ్లాట్‌తో పాటు రిజిస్టర్ అయ్యే నేల వాటాలో.

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. 600 గజాల స్థలం, కింద పార్కింగు, పైన ఐదు అంతస్తులు, అంతస్తుకి రెండు చొప్పున పది ఫ్లాట్లు. ఒక్కో ఫ్లాట్‌కి 60 గజాల వాటా వస్తుంది. గజం 60 వేలున్న ఏరియాలో ఆ వాటా విలువ 36 లక్షలు, గజం లక్షన్నర ఉన్న ఏరియాలో 90 లక్షలు. గోడలు, టైల్స్, లిఫ్టు అన్నీ సేమ్, కానీ 54 లక్షల తేడా ఇక్కడే వచ్చేసింది. ఇంకో సంగతి, బిల్డింగు ఏటా పాతబడుతూ విలువ తగ్గుతుంది, పెరిగేది నేల ఒక్కటే, కాబట్టి ఇరవై ఏళ్ల పాత ఫ్లాట్ రేటు పెరిగింది అంటే ఆ ఏరియా నేల పెరిగింది అని అర్థం. ఇదే లెక్క పెద్ద టవర్లకి పెట్టి చూస్తే అక్కడ ఒక్కో ఫ్లాట్‌కి వచ్చే నేల వాటా చాలా తక్కువ ఉంటుంది, కొనేటప్పుడు క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్ గురించి అడిగినంత గట్టిగా యూడీఎస్ ఎన్ని గజాలు అని అడిగేవాళ్లు తక్కువ. అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

ఇంటి రేటుని ఇలా ముక్కలుగా విడదీసి ఏ ముక్కకి ఎంత అని లెక్కకట్టే పద్ధతిని ఆర్థికవేత్తలు హెడోనిక్ ప్రైసింగ్ అంటారు, 1974లో షెర్విన్ రోసెన్ దీనికి గట్టి పునాది వేశాడు. ఇంటిని ఒకే వస్తువుగా చూడకుండా గదులు, ఫ్లోరు, స్కూలు దూరం, ఆఫీసు దూరం, గాలి, నీళ్లు లాంటి గుణాల మూటగా చూస్తారు, వేల అమ్మకాలని పక్కపక్కన పెట్టి మిగతావన్నీ ఒకేలా ఉండి ఒక్క గుణం మారినప్పుడు రేటు ఎంత మారిందో తీస్తారు. అమెరికాలో ఇది బాగా నడుస్తుంది ఎందుకంటే అక్కడ చాలా రాష్ట్రాల్లో అసలు అమ్మకం ధరలు దొరుకుతాయి. మన దగ్గర చిక్కు ఏంటంటే చాలా అమ్మకాలు ప్రభుత్వ మార్కెట్ విలువకి, అంటే రిజిస్ట్రేషన్ కోసం ప్రభుత్వం కట్టే రేటుకి దగ్గరగా రిజిస్టర్ చేసి మిగతాది క్యాష్‌లో నడిపించేస్తారు, దాంతో రికార్డులో ఉన్న రేటు వేరు, చేతులు మారిన డబ్బు వేరు. తెలంగాణలో 2021 జూలైలో మార్కెట్ విలువలు సవరించారు, అంతకుముందు సవరణ 2013లో. అన్నేళ్ల పాటు కాగితం మీద రేటు కదలకుండా ఉంటే బయట రేటు ఎక్కడికో వెళ్లిపోతుంది.

ఉద్యోగాలు ఎటుంటే రేటు అటు

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైనప్పుడు చుట్టూ రాళ్ల గుట్టలే ఎక్కువ. అక్కడి నుంచి కంపెనీలు గచ్చిబౌలికి, నానక్‌రామ్‌గూడకి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి పాకాయి, 2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్టు వచ్చింది, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) గచ్చిబౌలిని ఎయిర్‌పోర్టుతో కలిపేసింది. ఒకదాని వెనక ఒకటి పడమర వైపే పేర్చుకుంటూ పోయినట్టు జరిగింది.

ఇక్కడ చాలామందికి వచ్చే డౌటు మెట్రో గురించి. 2017 నవంబర్‌లో మొదటి మెట్రో రైలు నడిచింది మియాపూర్ నుంచి నాగోల్ దాకా, అంటే ఉప్పల్, నాగోల్ వాళ్లకి మొదటి రోజు నుంచే మెట్రో ఉంది. హైటెక్ సిటీ స్టేషన్ 2019 మార్చిలో వచ్చింది, రాయదుర్గం అదే ఏడాది నవంబర్‌లో. కోకాపేటకి, నార్సింగికి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కి మొదటి దశలో అసలు మెట్రోనే లేదు, లైను రాయదుర్గంలో ఆగిపోయింది. మరి మెట్రో ఉన్న తూర్పు కంటే మెట్రో లేని పడమర ఎందుకు అంత పెరిగింది?

జవాబు కొంచెం లోతుగా చూస్తే గానీ దొరకదు. మెట్రో చేసేది దూరాన్ని తగ్గించడం, ఉద్యోగాలని తేవడం దాని వల్ల కాదు. నాగోల్ మనిషి మాదాపూర్ వెళ్లడం ఈజీ అయింది, దానివల్ల నాగోల్‌లో అద్దెలకి డిమాండ్ పెరుగుతుంది, రేటుకి ఎంతోకొంత ఊతం వస్తుంది, కానీ పెద్ద జీతాలవాళ్లు పోటీపడి కొనేది మాత్రం ఆఫీసుకి పది పదిహేను నిమిషాల్లో ఉన్న చోటే. 1964లో విలియం అలోన్సో అనే ఆయన చెప్పిన బిడ్ రెంట్ సిద్ధాంతం ఇదే, ఉద్యోగ కేంద్రానికి దగ్గర్లో ఉన్న నేల కోసం అందరూ వేలం పాడినట్టు పాడతారు, టైముకి ఎక్కువ విలువ ఇవ్వగలిగినవాళ్లు గెలుస్తారు, మిగతావాళ్లు దూరం జరుగుతారు.

ఇంకో ముఖ్యమైన విషయం, పోచారంలో ఇన్ఫోసిస్ క్యాంపస్ ఉంది, ఆదిభట్లలో టీసీఎస్ క్యాంపస్ ఉంది, అయినా ఆ చుట్టుపక్కల రేట్లు గచ్చిబౌలిలా ఎందుకు పోలేదు అంటే ఒక పెద్ద కంపెనీ ఉండటం వేరు, వందల కంపెనీలు ఒకేచోట ఉండటం వేరు. సాఫ్ట్‌వేర్‌లో జనం రెండు మూడేళ్లకోసారి కంపెనీ మారతారు, పైగా ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేస్తుంటే ఇద్దరి ఆఫీసులకీ కుదిరే చోటు కావాలి, ఒక్క క్యాంపస్ పక్కన ఇల్లు కొంటే రేపు కంపెనీ మారితే రోజుకి మూడు గంటలు రోడ్డు మీదే. పడమర వైపు కొంటే కంపెనీ మారినా ఇల్లు మారక్కర్లేదు. ఆ ధీమాకి కూడా జనం రేటు కడుతున్నారు, కాబట్టి తూర్పుకి ఒకటీ అరా కంపెనీలు తెస్తే సరిపోతుంది అన్న వాదన అంత నిలవదు, గుంపుగా వస్తే తప్ప లెక్క మారదు.

రోడ్డు వెడల్పు అనే దాగిన కారణం

దీని గురించి బయట పెద్దగా మాట్లాడరు కానీ హైదరాబాద్‌లో నేల రేటుని ఇది చాలా గట్టిగా నడిపిస్తుంది. చాలా నగరాల్లో ఎంత స్థలంలో ఎన్ని అడుగులు కట్టొచ్చు అన్నదానికి ఎఫ్ఎస్ఐ అనే పరిమితి ఉంటుంది. హైదరాబాద్‌లో 2006 నుంచి ఆ పరిమితి పెట్టకుండా రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం బట్టి ఎత్తు నిర్ణయిస్తున్నారు. అంటే 30 అడుగుల గల్లీలో ఉన్న వెయ్యి గజాలకి, 100 అడుగుల రోడ్డు మీదున్న వెయ్యి గజాలకి కట్టుకునే హక్కులోనే పెద్ద తేడా ఉంది, ఒకదాంట్లో నాలుగైదు అంతస్తులు, ఇంకోదాంట్లో స్థలం సరిపడా ఉంటే ఆకాశమే హద్దు.

బిల్డర్ నేల కొనేటప్పుడు గజం రేటు చూడడు, ఎన్ని అడుగులు అమ్ముకోవచ్చో చూసి వెనక్కి లెక్కేసుకుంటాడు. అందుకే ఒక రోడ్డు వెడల్పు చేస్తారని మాస్టర్ ప్లాన్‌లో గీత పడితే చాలు, రెండు పక్కల రేటు లేచిపోతుంది. అదే బస్తీలో లోపలి గల్లీలో ఉన్నవాళ్లకి మెయిన్ రోడ్డు వంద గజాల దూరంలోనే ఉన్నా ఆ లాభం అందదు. ఒకే ఏరియా, ఒకే పిన్‌కోడ్, రెండు రకాల మార్కెట్.

దీని పర్యవసానం ఇంకోటి ఉంది. కోకాపేటలోని నియోపొలిస్ లాంటి లేఅవుట్‌లో రోడ్లు పెద్దవి కాబట్టి 40, 50 అంతస్తులు లేస్తున్నాయి, కానీ ఆ టవర్లన్నిటి కార్లు బయటికొచ్చాక ఎక్కాల్సింది అవే ఒకటి రెండు రోడ్లు, అవే ఓఆర్ఆర్ ఎగ్జిట్లు. ఏరియాకి రేటు తెచ్చిన గుణమే జనం నిండాక కరిగిపోవడం మొదలవుతుంది. ఆఫీసుకి పది నిమిషాలు అని కొన్నది ఐదేళ్ల తర్వాత అరగంట అవ్వొచ్చు.

నీళ్ల ఖర్చు రేటులో ఎక్కడుంది

పాత నగరం మధ్య భాగాలకి మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు వాటర్ బోర్డు పైపుల్లో వస్తాయి. ఊరి చివర గబగబా పెరిగిన నిజాంపేట, బాచుపల్లి లాంటి చోట్ల ఎండాకాలం వస్తే బోర్లు ఎండిపోయి ట్యాంకర్లు క్యూ కడతాయి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఏప్రిల్, మే నెలల్లో వేరే చర్చ ఉండదు.

దీన్ని రూపాయల్లోకి మార్చి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఒక 1,200 అడుగుల ఫ్లాట్‌లో ఏడాది సగటు తీసుకుంటే ట్యాంకర్ల వల్ల నెలకి 2,500 రూపాయలు అదనంగా మెయింటెనెన్స్ పడుతోంది అనుకుందాం, ఏడాదికి 30 వేలు. హోమ్ లోన్ వడ్డీ 8.5 శాతం లెక్కన చూస్తే ఏటా 30 వేలు కట్టడం అంటే మూడున్నర లక్షల అప్పు నెత్తిన పెట్టుకుని వడ్డీ కడుతూ ఉండటంతో సమానం. అడుగుకి 290 రూపాయల పైచిలుకు. అంటే నీళ్లు లేని అపార్ట్‌మెంట్ నీళ్లున్న దానికంటే అడుగుకి కనీసం అంత తక్కువ ఉంటేనే రెండూ సమానం అయినట్టు. ఆర్థిక శాస్త్రంలో దీన్ని క్యాపిటలైజేషన్ అంటారు, ఏటా వచ్చే లాభం గానీ నష్టం గానీ మొత్తంగా రేటులో కలిసిపోవడం.

ప్రాక్టికల్‌గా మాత్రం ఇది పూర్తిగా కలవదు. సైట్ చూడటానికి జనం ఎక్కువగా వెళ్లేది దసరా, దీపావళి ఆఫర్ల టైములో, అప్పుడు వానలు పడి బోర్లు నిండుగా ఉంటాయి, కుళాయి తిప్పితే ధారగా వస్తుంది. మే నెలలో అదే కుళాయి ఎలా ఉంటుందో అప్పుడు తెలియదు. కొత్త ప్రాజెక్టు అయితే అడగడానికి కాపురం ఉన్నవాళ్లు కూడా ఉండరు. ఈ సమాచారం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు, రేటు తప్పుగా పడటానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

స్కూలు: అమెరికా లెక్క ఇక్కడ ఎందుకు పనిచేయదు

అమెరికాలో ప్రభుత్వ స్కూలు సీటు ఇంటి అడ్రస్‌తో ముడిపడి ఉంటుంది. 1999లో సాండ్రా బ్లాక్ అనే ఆర్థికవేత్త మసాచుసెట్స్‌లో ఒక తెలివైన పని చేసింది, రెండు స్కూళ్ల పరిధిని విడదీసే సరిహద్దుకి అటూ ఇటూ ఉన్న ఇళ్లని మాత్రమే పోల్చింది. వీధి ఒకటే, చెట్లు ఒకటే, మారేది స్కూలు ఒక్కటే. పరీక్ష మార్కులు 5 శాతం ఎక్కువున్న స్కూలు వైపు ఇంటికి తల్లిదండ్రులు సుమారు 2.5 శాతం ఎక్కువ కడుతున్నారని తేలింది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన తెలుగువాళ్లు ఇల్లు కొనేముందు స్కూల్ డిస్ట్రిక్ట్ రేటింగ్ చూడటం వెనక ఉన్నది ఇదే.

మన దగ్గర ప్రైవేటు స్కూళ్లకి అలాంటి గీత లేదు, ఫీజు కట్టగలిగితే ఎక్కడి నుంచైనా బస్సులో పంపొచ్చు. కాబట్టి స్కూలు ప్రభావం గీత దగ్గర టక్కున తెగకుండా బస్సు ప్రయాణం పెరిగేకొద్దీ మెల్లగా తగ్గుతూ పోతుంది. పైగా ఇక్కడ స్కూళ్లే డబ్బున్న కాలనీలని వెతుక్కుంటూ వస్తాయి, కాబట్టి స్కూలు వల్ల రేటు పెరిగిందా, రేటు పెరిగిన చోటికి స్కూలు వచ్చిందా అని విడదీయడం కష్టం.

వాసన, చప్పుడు, దుమ్ము

జవహర్‌నగర్ డంపింగ్ యార్డు వాసన దమ్మాయిగూడ, కాప్రా వైపు గాలి మళ్లినప్పుడు ఎలా ఉంటుందో అక్కడివాళ్లకి తెలుసు. జీడిమెట్ల, బొల్లారం పారిశ్రామిక వాడల చుట్టుపక్కల కాలనీలవాళ్లు రాత్రిళ్లు కెమికల్ వాసన వస్తోందని ఏళ్లుగా ఫిర్యాదులు చేస్తున్నారు. విశాఖలో పోర్టు దగ్గరున్న వన్‌టౌన్ వైపు బొగ్గు దుమ్ము కిటికీ గట్ల మీద నల్లగా పేరుకుంటుంది, అదే ఊళ్లో ఎంవీపీ కాలనీ, బీచ్ రోడ్డు వైపు సముద్రపు గాలికి రేటు కడతారు. ఒకే నగరం, ఒకే తీరం.

కంటికి కనపడే దుమ్ము రేటులో బాగానే కలుస్తుంది. ఆదివారం పగలు సైట్ చూసి టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేవాళ్లకి రాత్రి రెండింటికి వచ్చే వాసన ఎలా తెలుస్తుంది?

చెరువు: వ్యూ అయితే ప్రీమియం, వరద అయితే మౌనం

హైదరాబాద్ అంటే గొలుసుకట్టు చెరువుల ఊరు. పై చెరువు నిండితే అలుగు పారి నాలా ద్వారా కింది చెరువుకి, అక్కడి నుంచి మూసీకి నీళ్లు వెళ్లేలా ఎప్పటి నుంచో ఉన్న ఏర్పాటు. 1908 మూసీ వరద ఎంత ఘోరమో చూశాకే 1920 నాటికి ఉస్మాన్ సాగర్, 1927 నాటికి హిమాయత్ సాగర్ కట్టారు. ఆ గొలుసు మధ్యలో కాలనీలు వెలిశాయి, నాలాలు సన్నబడ్డాయి, చెరువుల శిఖం భూముల్లో, అంటే నీళ్లు నిలవాల్సిన నేలలో ప్లాట్లు పడ్డాయి.

2020 అక్టోబర్‌లో కుండపోత వాన పడ్డప్పుడు టోలిచౌకీ నదీమ్ కాలనీ, ఫలక్‌నుమా అల్ జుబేల్ కాలనీ, హఫీజ్ బాబా నగర్ లాంటివి రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2024 సెప్టెంబర్‌లో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం వైపు అదే జరిగింది, పై అంతస్తుల్లో ఉన్నవాళ్లకి తాడు కట్టిన బకెట్లలో పాల ప్యాకెట్లు అందించాల్సి వచ్చింది. ఇలాంటి వరద వచ్చిన కొన్ని నెలలు ఆ ఏరియాలో కొనేవాళ్లు రారు, అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తారు. తర్వాత రెండు వానాకాలాలు మామూలుగా గడిస్తే రేటు మళ్లీ ఎక్కుతుంది. ఇది మన దగ్గరే కాదు, అమెరికాలో వరద మైదానాల మీద జరిగిన అధ్యయనాల్లో కూడా వరద తర్వాత పడిన డిస్కౌంట్ కొన్నేళ్లలో కరిగిపోవడం కనిపించింది. ముప్పు ఎక్కడికీ పోలేదు, జ్ఞాపకం పోయిందంతే.

ఇంకా చిత్రం ఏంటంటే అదే చెరువు ఒడ్డున గేటెడ్ కమ్యూనిటీ కడితే లేక్ వ్యూ అని అడుగుకి అదనంగా వసూలు చేస్తారు. చెరువుకి దగ్గరగా ఉండటం వ్యూగా లాభం, నీటిమట్టం దృష్టిలో ముప్పు, రేటులో మాత్రం మొదటిదే కనపడుతుంది. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే గీత, ఆ గీత తర్వాత కూడా 10 హెక్టార్లు, అంతకు పైబడిన చెరువులకి 30 మీటర్లు, చిన్న వాటికి 9 మీటర్లు బఫర్ వదలాలని బిల్డింగ్ రూల్స్‌లో ఉంది. చాలా చెరువులకి ఆ గీత ఎక్కడుందో తుది నోటిఫికేషన్ లేకుండానే ఏళ్లు గడిచిపోయాయి, ఆ అస్పష్టతలోనే లేఅవుట్లు పడ్డాయి, పర్మిషన్లు వచ్చాయి, బ్యాంకులు లోన్లు ఇచ్చాయి.

2024 జూలైలో చెరువుల, నాలాల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పాటయ్యాక, ఆగస్టు నుంచి కూల్చివేతలు మొదలయ్యాక ఎఫ్‌టీఎల్ అనే మాట ఒక్కసారిగా ఇంటింటికీ చేరింది. అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్నని కొనేవాళ్లు మొదటి కాల్‌లోనే అడగడం మొదలుపెట్టారు, చెరువు పక్కన ఉన్న రీసేల్ ఫ్లాట్లకి బేరాలు ఆగిపోయాయి. మార్కెట్ కోణంలో చూస్తే జరిగింది ఏంటంటే ముప్పు కొత్తగా పుట్టలేదు, ఎప్పటి నుంచో ఉన్న ముప్పుకి అప్పటిదాకా సున్నా రేటు కట్టారు, ఒక్క నెలలో దానికి విలువ వచ్చింది. దెబ్బ ఎవరి మీద పడింది అన్నది మాత్రం చూడాల్సిన విషయం. ప్లాట్లు చేసి అమ్మినవాళ్లు ఎప్పుడో డబ్బు తీసుకుని వెళ్లిపోయారు, పర్మిషన్ కాగితం చూసి, లోన్ తీసుకుని కొన్న చివరి మనిషి దగ్గర ఆగింది నష్టం. ఈ లెక్క సరిగ్గా ఉండాలంటే గీతలు ముందే గీసి, సర్వే నంబర్ కొడితే అందరికీ కనపడేలా పెట్టాలి, కొన్న తర్వాత తెలిసే సమాచారం రేటుని సరిచేయలేదు.

పక్కింట్లో ఎవరున్నారు అన్న లెక్క

దీని గురించి ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి వ్యాసాల్లో దాటేస్తుంటారు. మన నగరాల్లో ఇల్లు ఎక్కడ దొరుకుతుంది అన్నది డబ్బు ఒక్కటే తేల్చదు. కులం అడిగి, మతం అడిగి, మాంసం తింటారా అని అడిగి అద్దెకి ఇచ్చే ఓనర్లు ఉన్నారు, కొన్ని కాలనీలు ఒకే వర్గం వాళ్ల కోసం అన్నట్టు అమ్ముడవుతాయి. గుజరాత్‌లో అయితే 1991 నాటి చట్టం కింద కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించిన ఏరియాల్లో ఆస్తి అమ్మాలంటే కలెక్టర్ అనుమతి కావాలి.

రేటు మీద దీని ప్రభావం రెండు రకాలుగా పడుతుంది. బయట ఇల్లు దొరకనివాళ్లు, డబ్బున్నా సరే, తమవాళ్లున్న కొన్ని ఏరియాలకే రావాల్సి వస్తుంది, దాంతో ముస్లింలు ఎక్కువగా ఉండే టోలిచౌకీ లాంటి చోట సౌకర్యాలతో పోలిస్తే గిరాకీ ఎక్కువై రేటు పైకి నెట్టుకుంటుంది. రెండోది, ఒక ఏరియాకి పేరు పడిపోతే బ్యాంకు లోను, క్యాబ్, డెలివరీ దగ్గర కూడా వెనకాడటం మొదలవుతుంది. అమెరికాలో 1930లలో ప్రభుత్వ సంస్థే నల్లజాతివాళ్లు ఉండే పేటల్ని మ్యాపుల మీద ఎర్ర రంగుతో గుర్తుపెట్టింది, ఆ పేటల్లో చాలావరకు ఇప్పటికీ ఇళ్ల విలువ వెనకబడే ఉంది. ఒకసారి పడిన ముద్ర ఎన్ని తరాలు నేల రేటులో ఉండిపోతుందో చూపడానికి అంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

రేపటి ఆశకి ఇవాళ కట్టే రేటు

2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా రూ.100.75 కోట్లు పలికింది. ఆ నంబర్ వార్తల్లో వచ్చిన మర్నాటి నుంచి చుట్టుపక్కల పది కిలోమీటర్ల దాకా అమ్మేవాళ్ల నోట రేటు మారిపోయింది. మంచి రోడ్లు, డ్రైనేజీ, ఎత్తుకి అనుమతి ఉన్న లేఅవుట్‌లో ఎకరం అది, మామూలు పొలానికి ఆ సౌకర్యాలేవీ లేవు, కానీ అడగడానికి ఒక కొత్త అంకె దొరికింది.

కోకాపేట నుంచి గండిపేట దాటితే మొయినాబాద్ వైపు నేల కథ వేరు. జంట జలాశయాల (ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్) రక్షణ కోసం 1996లో తెచ్చిన జీవో 111 కింద 84 గ్రామాల్లో పెద్ద కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. ఒక పక్క టవర్లు, కొద్ది దూరంలో ఫామ్‌హౌస్‌లు, మట్టి ఒకటే, మధ్యలో ఉన్నది ఒక జీవో. 2022 ఏప్రిల్‌లో ఆంక్షలు సడలిస్తూ జీవో 69 రాగానే అక్కడ బేరాలు లేచాయి, అప్పటికి ఒక్క రోడ్డు, ఒక్క పైపు కొత్తగా రాలేదు.

ఆశ ఒక్కటే రేటుని నడిపితే ఎలా ఉంటుందో అమరావతి చూపించింది. 29 గ్రామాల్లో భూసమీకరణ జరిగి రాజధాని అనగానే రేట్లు ఎగిశాయి, 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల ప్రకటన రాగానే పడిపోయాయి, 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే మళ్లీ లేచాయి. ఆ ప్లాటు ఎక్కడికీ కదల్లేదు. రీజనల్ రింగ్ రోడ్డు, ఫ్యూచర్ సిటీ, మెట్రో రెండో దశ పేర్లు చెప్పి ఇవాళ అమ్ముతున్న ఓపెన్ ప్లాట్లకి కూడా ఇదే వర్తిస్తుంది, ప్రాజెక్టు అనుకున్న టైముకి వస్తుందన్న నమ్మకం రేటులో ఆల్రెడీ ఉంది, కాబట్టి వస్తే మిగిలేది కొంచెం, లేటైతే పోయేది చాలా.

ఇవాళ్టి సౌకర్యానికి ఎంత, రేపటి ఆశకి ఎంత అని విడదీయడానికి అద్దె పనికొస్తుంది. అద్దెకుండేవాడు రేపు వచ్చే మెట్రోకి ఇవాళ డబ్బు కట్టడు, ఇప్పుడున్న నీళ్లు, ఆఫీసు దూరం, స్కూలు, మార్కెట్టు చూసి కడతాడు. మన నగరాల్లో ఏడాది అద్దె సాధారణంగా ఇంటి రేటులో 2 నుంచి 4 శాతం మధ్య ఉంటుంది. రెండు ఏరియాల్లో ఒకే రకం ఫ్లాట్‌కి నెలకి 25 వేలే అద్దె వస్తూ, ఒకచోట రేటు 80 లక్షలు, ఇంకోచోట కోటీ 20 లక్షలు ఉంటే ఆ 40 లక్షల్లో ఎక్కువ భాగం ఇంకా రాని వాటికి కడుతున్నట్టే. ఓపెన్ ప్లాట్లకి అద్దే లేదు కాబట్టి అక్కడ ఈ కొలత కూడా దొరకదు, అందుకే ఊగిసలాట కూడా అక్కడే ఎక్కువ.

పెరిగిన విలువ ఎవరికి పోతోంది

రోడ్డు, మెట్రో, పైపులైను ప్రజల డబ్బుతో వస్తాయి, వాటివల్ల పెరిగిన నేల విలువ మాత్రం అప్పటికే అక్కడ భూమి ఉన్నవాళ్లకి చేరుతుంది. రిజిస్ట్రేషన్ మీద తెలంగాణలో మొత్తం 7.5 శాతం, లేఅవుట్ ఫీజులు, ప్రభుత్వ భూముల వేలం ద్వారా కొంత వెనక్కి వస్తుంది, కానీ అమ్మకుండా కూర్చున్నవాళ్ల నుంచి దాదాపు ఏమీ రాదు. ఖాళీ ప్లాటు పట్టుకుని పదేళ్లు ఆగడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువ, దాంతో ఓఆర్ఆర్ పక్కన ప్లాట్లలో తుమ్మ చెట్లు మొలుస్తుంటే ఇల్లు కట్టుకోవాలనుకునేవాళ్లు ఇంకా పది కిలోమీటర్లు అవతలికి వెళ్తున్నారు.

అద్దెకున్నవాళ్లది ఇంకో బాధ. మణికొండలో, పుప్పాలగూడలో ఒకప్పుడు డ్రైవర్లు, ఇళ్లల్లో పనిచేసేవాళ్లు ఉండే గదులు కూల్చి హాస్టళ్లు, అపార్ట్‌మెంట్లు లేచాయి, వాళ్లు దూరం వెళ్లి అదే టవర్లకి రోజూ పనికి రావాలి. 2023 జూన్‌లో ఊరి చివర కొల్లూరులో 15,660 డబుల్ బెడ్రూమ్ ఇళ్లు ప్రారంభించారు, కట్టడం బాగుంది, ఇల్లు పేదవాళ్లకి ఉచితం. కానీ నగరం మధ్యలో చిన్న వ్యాపారమో, ఇంటిపనో చేసుకునే కుటుంబానికి అక్కడి నుంచి రోజూ రానూ పోనూ బస్సు చార్జీలు, పోయే టైము, పిల్లల స్కూలు మార్పు కలిపితే ఆ ఉచిత ఇంటికి కూడా నెలనెలా ఒక రేటు ఉంది, ఇల్లు చేతికొచ్చినా వెంటనే చేరకుండా పాత బస్తీలోనే అద్దెకి ఉండిపోయిన కుటుంబాలు వేసుకున్న లెక్క అదే.